వాయుసేన మెడల్: జాబితా అడుగు వరుసల్లోని పతకం

ఏటా జనవరి 26, ఆగస్టు 15 వచ్చేసరికి రాష్ట్రపతి ఆమోదించిన సైనిక పురస్కారాల జాబితా వెలువడుతుంది. మన పత్రికలు కీర్తి చక్ర, వీర్ చక్ర, శౌర్య చక్ర గ్రహీతల ఫొటోలు వేసి, మిగిలినవారిని ఒక అంకె కింద సర్దేస్తాయి. 2025 ఆగస్టు 15 నాటి జాబితాలో 15 వీర్ చక్రలతో పాటు శౌర్య విభాగంలో 26 వాయుసేన మెడళ్లు కూడా ఉన్నాయి. ఆ జాబితాలను కింది వరుసదాకా చదివే అలవాటు నాకు ఉంది కనుక, ఆ పతకం గురించి కొంచెం వివరంగా రాయాలనిపించింది.

వాయుసేన మెడల్‌ను 1960 జూన్ 17న నెలకొల్పారు. సైన్యానికి సేనా మెడల్, నౌకాదళానికి నౌసేనా మెడల్ కూడా అదే రోజున ఏర్పడ్డాయి. వాయుసేనకు ప్రత్యేక ప్రాధాన్యం కలిగిన కర్తవ్య నిష్ఠకు గాని, ధైర్యానికి గాని, హోదాతో నిమిత్తం లేకుండా ఎవరికైనా దీనిని ఇవ్వవచ్చు. మరణానంతరం కూడా ఇస్తారు. పురస్కారాల వరుసక్రమంలో ఇది శౌర్య చక్రకు, యుద్ధ సేవా మెడల్‌కు కింద, విశిష్ట సేవా మెడల్‌కు పైన నిలుస్తుంది. పతకం నాలుగు కొమ్మల వెండి నక్షత్రం, కొమ్మల చివరలు విచ్చిన తామరల్లా ఉంటాయి. ముందువైపు మధ్యలో జాతీయ చిహ్నం, వెనుకవైపు హిమాలయ గద్ద కనిపిస్తాయి. రిబ్బన్ మీద బూడిద, కాషాయ రంగుల చారలు నిలువుగా కాక ఏటవాలుగా సాగుతాయి. బ్రిటిష్ వారు తమ వైమానికులకిచ్చిన కొన్ని పతకాల రిబ్బన్లకూ ఇటువంటి ఏటవాలు చారలే ఉండేవి కనుక, ఈ పోలిక కాకతాళీయమని నేను అనుకోను.

తెలుగువారికి ఈ పతకంతో బాగా తెలిసిన పేరు కంభంపాటి నచికేత. ఆ ఇంటిపేరు విన్నాక ఆయన ఎవరివాడో మనకు వేరే చెప్పనక్కరలేదు. కార్గిల్ యుద్ధ కాలంలో, 1999 మే 27న, బటాలిక్ ప్రాంతంలో శత్రు స్థావరాలపై దాడి చేస్తుండగా ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత నడుపుతున్న మిగ్-27 ఇంజిన్ ఆగిపోయింది. తిరిగి పనిచేయించే ప్రయత్నం ఫలించకపోవడంతో ఆయన పారాచూట్ సాయంతో బయటపడి, పాకిస్తాన్ సైనికులకు చిక్కి, జూన్ 3న విడుదలయ్యేవరకు వారి నిర్బంధంలోనే ఉన్నారు. పడిపోయిన పైలట్ జాడ వెతుకుతూ ఆ ప్రాంతంలోనే ఉండిపోయిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా మిగ్-21 కూడా అదే రోజు క్షిపణి తగిలి కూలింది. ఆయన తిరిగి రాలేదు. ఆహూజాకు మరణానంతరం వీర్ చక్ర, నచికేతకు వాయుసేన మెడల్ లభించాయి.

ఒకే ఘటనలో ఇద్దరికి రెండు స్థాయిల పురస్కారాలు రావడమేమిటని అప్పుడప్పుడు ఎవరో ఒకరు అడుగుతుంటారు. శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి వీర్ చక్ర ఇస్తారు. ప్రమాదం తెలిసి కూడా సహచరుడి కోసం ఆగిన ఆహూజాకు అది దక్కడంలో ఆశ్చర్యం లేదు. నచికేత విషయంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది పతకం తరువాతి జీవితం. వెన్నుకు తగిలిన గాయం వల్ల యుద్ధవిమానాలకు దూరమైనా ఆయన వాయుసేనను విడిచిపెట్టలేదు. రవాణా విభాగానికి మారి ఇల్యూషిన్-76ను, ఆపైన గాలిలోనే ఇతర విమానాలకు ఇంధనం నింపే ఇల్యూషిన్-78ను నడిపారు.

యుద్ధంతో సంబంధం లేని సందర్భాల్లోనూ ఈ పతకం వచ్చినవారున్నారు. ట్రెవర్ కీలర్ పేరు చెప్పగానే 1965 యుద్ధం, పాకిస్తాన్ సేబర్ విమానాన్ని కూల్చినందుకు వచ్చిన వీర్ చక్ర గుర్తుకు వస్తాయి. అంతకు ముందే, 1964లో, ఇంజిన్ మొరాయించిన చిన్న నాట్ విమానాన్ని వదిలి దూకకుండా క్షేమంగా నేలకు దింపినందుకు ఆయన వాయుసేన మెడల్ పొందారు. వింగ్ కమాండర్ దీపికా మిశ్రా కథ మరింత ఇటీవలిది. 2021 ఆగస్టులో ఉత్తర మధ్యప్రదేశ్‌ను ముంచెత్తిన ఆకస్మిక వరదల్లో ఎనిమిది రోజులపాటు సాగిన సహాయ చర్యల్లో ఆమె హెలికాప్టర్ నడిపి 47 మంది ప్రాణాలు కాపాడారు. వాయుసేనలో శౌర్య పురస్కారం పొందిన తొలి మహిళా అధికారి ఆమే. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీలోని సుబ్రతో పార్క్‌లో నాటి వాయుసేనాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ వి.ఆర్. చౌదరి ఆ పతకాన్ని ఆమెకు బహూకరించారు.

ఇక 2019 జాబితా సంగతి. ఆ ఆగస్టులో అందరి చూపూ వీర్ చక్ర పొందిన అభినందన్ వర్ధమాన్ మీదే నిలిచింది. అదే ఏడాది ఫిబ్రవరి 26 తెల్లవారుజామున మిరాజ్-2000 విమానాల్లో వెళ్లి పాకిస్తాన్‌లోని బాలాకోట్‌పై దాడి చేసి వచ్చిన వింగ్ కమాండర్ అమిత్ రంజన్, స్క్వాడ్రన్ లీడర్లు రాహుల్ బసోయా, పంకజ్ భుజాడే, బి.కె.ఎన్. రెడ్డి, శశాంక్ సింగ్‌లకు శౌర్య విభాగంలో వాయుసేన మెడళ్లు వచ్చాయి. దేశమంతా నెలల తరబడి చర్చించుకున్న దాడి అది. చేసివచ్చినవారి పేర్లు మాత్రం అడిగితే చెప్పగలిగేవారు అరుదు.

నేడు ఈ పతకాన్ని శౌర్యం, కర్తవ్య నిష్ఠ అనే రెండు విభాగాల కింద ప్రకటిస్తున్నారు. లోహం ఒకటే, రిబ్బన్ ఒకటే, పేరు పక్కన చేరే పొడి అక్షరాలు కూడా ఒకటే. ఛాతీ మీది పతకాన్ని చూసి అది ఏ విభాగంలో వచ్చిందో చెప్పడం సాధ్యం కాదు. తేడా తెలిసేది భత్యం దగ్గర. శౌర్య విభాగంలో పతకం పొందినవారికి నెలనెలా భత్యం ఉంటుంది. 2017 ఆగస్టు 1 నుంచి దానిని 1,000 రూపాయల నుంచి 2,000కు పెంచారు, వీర్ చక్రకు అది 7,000 అయింది. కర్తవ్య నిష్ఠ విభాగానికి అటువంటి భత్యం లేదు. ప్రాణం పణంగా పెట్టినవారికి ప్రత్యేక గుర్తింపు ఉండడం న్యాయమే, దానితో నాకు పేచీ లేదు. అయితే ఏళ్ల తరబడి కొత్తవారికి విమానం నడపడం నేర్పే శిక్షకుడి పని, పరీక్షా దశలోని విమానాన్ని గాలిలోకి తీసుకెళ్లే పైలట్ పని కూడా ప్రమాదానికి ఆమడ దూరంలో జరిగేవి కావు గనుక, ఈ రెండు విభాగాల మధ్య గీత కాగితం మీద కనిపించినంత స్పష్టంగా ఆకాశంలో ఉంటుందని నేను నమ్మను.