పవర్ పెరిగే కంటికి రక్తం చాలడం లేదా?

"క్యారెట్ రోజూ తింటున్నాగా, మళ్లీ పవర్ ఎందుకు పెరిగింది? ఇక తినను." కంటి డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన పిల్ల ఇలా అడిగితే ఏ అమ్మానాన్నా వెంటనే జవాబు చెప్పలేరు. వీడియో కాల్‌లో నానమ్మ ఇంకో మాటంటుంది: "కంటికి రక్తం సరిగ్గా అందట్లేదేమోరా, కాసేపు శీర్షాసనం వేయించు."

రక్తం మాట కొట్టిపారేసేది కాదు. కంటి వెనక బొమ్మ పడే పొర రెటీనాకీ, బయటి తెల్లటి గట్టి పొర స్క్లీరాకీ మధ్య కోరాయిడ్ అనే రక్తనాళాల పొర ఉంటుంది. కంటికొచ్చే రక్తంలో ఎక్కువ భాగం దీనికే. చదివే అక్షరం వచ్చి పడే రెటీనా నడిబొడ్డున సొంత రక్తనాళాలుండవు, అక్కడికి ప్రాణవాయువు కోరాయిడ్ నుంచే అందాలి. మైనస్ పవర్ పెరుగుతోందంటే చాలావరకు కన్ను వెనక్కి సాగుతోందని అర్థం. 1 మిల్లీమీటరు సాగితే సుమారు రెండున్నర పవర్. సాగేకొద్దీ కోరాయిడ్ పలచబడుతుంది, అందులో రక్తప్రవాహమూ తగ్గుతుంది. చైనాలో గినీ పిగ్‌ల మీద చేసిన పరిశోధనల్లో రక్తం తగ్గినప్పుడు స్క్లీరాలో ఆక్సిజన్ కొరత గుర్తులు కనిపించాయి, రక్తప్రవాహం పెంచే మందిస్తే మయోపియా, అంటే ఈ మైనస్ సైట్, నెమ్మదించింది. పిల్లల కళ్లలో మాత్రం ఏది ముందు, రక్తం తగ్గడమా, కన్ను సాగడమా అన్నది ఇంకా తేలలేదు.

శీర్షాసనం మాత్రం వద్దు. తలకిందులైనప్పుడు కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. కళ్లు నలపడం, నొక్కడం కూడా మంచిది కాదు. క్యారెట్ కూరగా తిననివ్వండి, మందుగా కాదు.

పరీక్షకు వెళ్లినప్పుడు రెండు అడగండి. ఒకటి, చుక్కలు వేసి పవర్ చూడమనండి. లేకపోతే లోపలి కండరం బిగుసుకుని లేని మైనస్ చూపించవచ్చు. చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి కాబట్టి ఆ సాయంత్రం హోంవర్క్ పెట్టకండి. రెండోది, కంటి పొడవు. గడ్డం ఆనించి దీపం వంక కాసేపు చూస్తే చాలు, యంత్రం కంటికి తగలదు. ఆరు నెలలకోసారి అదే యంత్రం మీద కొలిపించండి. చికిత్స మొదలుపెట్టిన కొత్తలో పొడవు కాస్త తగ్గినట్టు కనిపిస్తే కన్ను కుదించుకుపోయిందనుకోకండి. కోరాయిడ్ మందమై రెటీనాను ముందుకు నెట్టినా అంకె తగ్గుతుంది.

ఇక ఎండ. 2008లో ప్రచురించిన అధ్యయనం ఒకటి విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న మనలాంటి వాళ్లను ఆలోచింపజేస్తుంది. చైనా మూలాలున్న ఆరేడేళ్ల పిల్లల్లో సింగపూర్‌లో 29.1 శాతానికి మయోపియా ఉంటే, సిడ్నీలో 3.3 శాతానికే ఉంది. మూలాలు ఒకటే, కానీ సిడ్నీ పిల్లలు వారానికి 14 గంటలకు దగ్గరగా ఆరుబయట ఉన్నారు, సింగపూర్ పిల్లలు 3 గంటలే. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో రోజుకు 40 నిమిషాల ఆరుబయటి క్లాసు అదనంగా పెడితే, మూడేళ్లలో కొత్తగా మయోపియా వచ్చినవాళ్లు అక్కడ 30.4 శాతం, ఆ క్లాసు లేని బడుల్లో 39.5 శాతం. గదిలో వెలుతురు మూడు నాలుగు వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం), బయట మబ్బు పట్టినా వేలల్లో ఉంటుంది.

మరి మన వారం చూడండి. శనివారం తెలుగు బడి, ఆదివారం లెక్కలు, మధ్యలో కూచిపూడి, అన్నీ పైకప్పు కిందే. ట్యాబ్ పక్కన పెట్టమనేదీ మనమే, తెలుగు కథ చదవమని అదే ట్యాబ్ చేతికిచ్చేదీ మనమే. చలికాలం నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో రోజుకు రెండు గంటల ఎండ ఎక్కడ దొరుకుతుంది? స్కూల్లో రిసెస్ మానేయకుండా చూడటం, దగ్గరైతే నడిపించి తీసుకురావడం మన చేతిలో ఉన్నవి. తెలుగు బడిని ఎండాకాలం పార్కులో పెట్టమని అడిగితే ఎంతమంది ఒప్పుకుంటారో తెలియదు.

ఎండకు ఇంకో పరిమితి ఉంది. అది సైట్ రాకుండా ఆపడంలో బాగా పనిచేస్తుంది, వచ్చేసిన సైట్ పెరగకుండా ఆపడంలో అంతగా కాదు. ఇప్పటికే కళ్లజోడున్న పిల్లకు తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలో, మయోపియా కోసం చేసిన అద్దాలో, లెన్సులో డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. అవి వేగం తగ్గిస్తాయి, సాగిన కన్ను వెనక్కి రాదు. కోరాయిడ్‌ను మందం చేసే ఎర్రకాంతి పరికరాల గురించి అడిగేవాళ్లు పెరిగారు. వాటివల్ల రెటీనా దెబ్బతిన్న కేసు వైద్యపత్రికలో వచ్చింది. ఇంట్లో వాడుకోమని ఎవరికైనా చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు.