మలివయసు ప్రేమలు

పాతికేళ్ళ జంటల ప్రేమకథలతో కాస్త విసిగిపోయి ఉన్న సమయంలో నన్ను కట్టిపడేసిన కొరియన్ ధారావాహిక ‘డియర్ మై ఫ్రెండ్స్’. నో హీ-క్యోంగ్ రచించిన ఈ కథ 2016లో టీవీఎన్ ఛానల్‌లో 16 భాగాలుగా ప్రసారమైంది. ఇందులో ప్రధాన పాత్రలన్నీ దాదాపు వృద్ధులవే.

భర్తను పోగొట్టుకున్న హీ-జా (కిమ్ హే-జా) జీవితంలోకి తొలిప్రేమికుడు సంగ్-జే తిరిగి వస్తాడు. ఆ వయసులో వారి మధ్య మొలకెత్తే అనురాగాన్ని వేళాకోళం చేయకుండా, అలాగని అతిగా తీపి చేయకుండా చూపడం నాకెంతో నచ్చింది. మరోవైపు, దశాబ్దాలుగా భర్త దురుసుతనాన్ని భరించిన జంగ్-ఆ ముసలితనంలో ఇల్లు విడిచి వేరుగా ఉంటుంది. నిజానికి నాకు ఆ ప్రేమకథకన్నా ఈ తెగింపే ఎక్కువ గుర్తుండిపోయింది.

మతిమరుపు వ్యాధి ముదిరిన హీ-జా, ఎప్పుడో చనిపోయిన పసిబిడ్డ అనుకుని దిండును వీపుకు కట్టుకుని వీధుల్లో తిరుగుతుంది. ఆనాడు బిడ్డ జ్వరంతో ఉన్నప్పుడు సాయానికి రాలేదని ప్రాణస్నేహితురాలైన జంగ్-ఆను నిలదీస్తుంది. ఆ సన్నివేశాన్ని నేను మధ్యలో ఆపి, మర్నాడు గానీ తిరిగి చూడలేకపోయాను.