ఓర్వకల్లు నుంచి కడపకు: వీఎఫ్ఆర్ అభ్యాసంలో ఈ నెల పురోగతి

ప్రైవేట్ పైలట్ లైసెన్సు కోసం రాయవలసిన ఎయిర్ రెగ్యులేషన్స్ పరీక్షకు చదువుతూ, ఈ నెల విజువల్ ఫ్లైట్ రూల్స్ (వీఎఫ్ఆర్, అంటే కంటితో బయటకు చూస్తూ ఎగరడానికి వర్తించే నియమాలు) భాగాన్ని ఇంట్లోని సిమ్యులేటర్ మీద కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు నుంచి కడప వరకు గల మార్గానికి అన్వయించి చూశాను. తెలిసిన నేల మీద లెక్క వేసినప్పుడే నియమం వెనుక ఉన్న కారణం బోధపడుతుందని నా నమ్మకం.

10,000 అడుగులకు దిగువన కనీసం 5 కిలోమీటర్ల దూరం కనిపించాలి. ఆపైన 8 కిలోమీటర్లు. మేఘాలకు అడ్డంగా 1,500 మీటర్లు, నిలువుగా 1,000 అడుగుల ఎడం పాటించాలి. 100 నాట్ల (గంటకు సుమారు 185 కిలోమీటర్ల) వేగంతో 5 కిలోమీటర్లు దాటడానికి సుమారు 97 సెకన్లు పడుతుంది. అదే వేగంతో ఎదురుగా మరో విమానం వస్తుంటే మిగిలేది 48 సెకన్లే, అందులోనే దానిని గుర్తించి పక్కకు తిరగాలి. సిమ్యులేటర్‌లో సరిగ్గా 5 కిలోమీటర్లే పెట్టి తిన్నగా ఎగిరితే కుడివైపు కోవెలకుంట్ల అసలు కనిపించలేదు, ఎడమవైపు ఆళ్ళగడ్డ అంచున మసకగా తేలింది. నియమం అనుమతించినంత మాత్రాన ఆ మసకలో దారి తెలుస్తుందని అనుకోరాదు.

అందుకే నంద్యాల మీదుగా వెళ్ళే దారిని ఎంచుకున్నాను. తిన్నని దారి సుమారు 80 నాటికల్ మైళ్ళు, ఇది 84; అంటే అదనంగా రెండు మూడు నిమిషాలు. దానికి బదులుగా 40వ జాతీయ రహదారి దాదాపు చివరిదాకా తోడుంటుంది, నంద్యాల దాటాక కుందూ నది కుడివైపున సాగి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఎడమవైపు నల్లమల కొన్ని చోట్ల 3,000 అడుగుల దాకా లేస్తుంది కనుక మేఘాలు దిగిన రోజున అటు జరగకూడదు. ఉత్తరం నుంచి సవ్యదిశలో కొలిస్తే 180 డిగ్రీల లోపు దిశ కాబట్టి ఎత్తు బేసి వేలకు 500 కలిపి ఉండాలి. 5,500 అడుగులు కావాలంటే మేఘాల కింది అంచు 6,500కు పైన ఉండాలి. లేకుంటే 3,500 ఎంచుకోవాలి, అదీ కుదరకపోతే ప్రయాణం మానుకోవాలి.

గగనతలం విషయానికి వస్తే, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐసీఏఓ) వర్గీకరణలో ఎ నుంచి జి వరకు ఏడు తరగతులున్నాయి. ఎ తరగతిలో వీఎఫ్ఆర్‌కు ప్రవేశం లేదు, జి తరగతిలో క్లియరెన్స్ (కంట్రోలర్ అనుమతి) అక్కరలేదు. జాగ్రత్తగా చదవవలసింది డి తరగతి: ప్రవేశానికి క్లియరెన్స్, రెండువైపులా రేడియో సంభాషణ తప్పనిసరి అయినా, కంట్రోలర్ ఇతర విమానాల సమాచారం మాత్రమే ఇస్తారు, వాటికి ఎడంగా ఉండే బాధ్యత మన కళ్ళదే. మన దేశంలో వీఎఫ్ఆర్ విమానం ఫ్లైట్ లెవెల్ 150 (సుమారు 15,000 అడుగులు) దాటి ఎగరరాదు.

తరువాతి అభ్యాసం తిరుగు ప్రయాణం. దిశ వాయవ్యానికి మారుతుంది కనుక ఎత్తు 4,500 లేదా 6,500 అవుతుంది. 20 నాట్ల ఎదురుగాలి ఉంటే 50 నిమిషాల దారికి 63 నిమిషాలు పడుతుంది కాబట్టి, పగటి వీఎఫ్ఆర్‌కు ఉంచవలసిన 30 నిమిషాల నిల్వతో కలిపి 93 నిమిషాల ఇంధనం లెక్క ముందు వేసుకుంటాను.