యానాం నుంచి కోరంగి దాకా, కొత్త షూస్‌తో

"యానాం నుంచి కోరంగి దాకా నడుస్తాం" అని చెప్పగానే కాకినాడలో మా బాబాయి పేపర్ దించి "బస్సులున్నాయి కదరా" అన్నాడు. ఉన్నాయి, కాదనలేదు. కానీ మావాడు హైదరాబాద్ నుంచి కొత్త షూస్ కొనుక్కుని మరీ దిగాడు, వాటికి పెట్టిన డబ్బులకి కనీసం పన్నెండు కిలోమీటర్లన్నా నడవాలంట. "అక్కడ చూడ్డానికి ఏముందిరా" అని పిన్ని. అదేమో నాకూ సరిగ్గా తెలీదు, చిన్నప్పట్నుంచి ఆ రోడ్డు మీద బస్సులో నిద్రపోతూ వెళ్ళడమే గానీ దిగి చూసింది లేదు.

డిసెంబర్ ఆఖరి శనివారం సాయంత్రానికి యానాంలో ఉన్నాం. అవే కొబ్బరిచెట్లు, అదే "ఆయ్", కానీ బళ్ళ మీద పీవై 04 నంబర్లు, అసెంబ్లీ ఏమో ఎక్కడో పాండిచ్చేరిలో. 1723లో ఫ్రెంచోళ్ళు ఇక్కడ గిడ్డంగి పెట్టారు, మధ్యమధ్యలో ఇంగ్లీషోళ్ళు లాక్కోవడం, మళ్ళీ వీళ్ళకి ఇచ్చేయడం, చివరికి 1954 జూన్‌లో విమోచన ఉద్యమం నడిపిన దడాల రఫేల్ రమణయ్య వాళ్ళు ఊరిని చేజిక్కించుకున్నారు, కాగితాల మీద మనదవడానికి మాత్రం 1962 దాకా పట్టింది. ఇదంతా చెప్తుంటే మావాడు ఫోన్ చూసుకుంటున్నాడు. కల్యాణపురం సంగతి ఎత్తాక ఫోన్ జేబులో పెట్టాడు.

శారదా చట్టం 1929లో వచ్చింది కదా, ఇవతల బ్రిటిష్ ఇలాకాలో చిన్నపిల్లలకి పెళ్ళి చేస్తే కేసు, యానాం పొలిమేర దాటితే ఫ్రెంచి రాజ్యం, ఆ చట్టం చెల్లదు, ఇంకేముంది పెళ్ళివారంతా ఇక్కడికే, అందుకే యానాంకి కల్యాణపురం అని పేరు. మా నాయనమ్మ వాళ్ళ అక్కకి కూడా తాళి కట్టింది ఇక్కడే. ఆవిడకి గుర్తున్నదల్లా పడవలో నిద్రపోవడం, ఎవరో లేపి పీటల మీద కూర్చోబెట్టడం. మా ఇంట్లో ఇది నవ్వుతూనే చెప్పుకుంటారు. నాకెప్పుడూ నవ్వు రాలేదు.

లాడ్జి గురించి ఎక్కువ చెప్పను, వీకెండ్ అని రేటు డబుల్ చేసి వేణ్ణీళ్ళు మాత్రం సోమవారం నుంచి వస్తాయన్నారు.

ఆదివారం పొద్దున్నే ఆరింటికి గట్టు మీదకెళ్తే గోదారే లేదు. నిజంగా, మంచు ఎంత కమ్మేసిందంటే ఇవతల మెట్లు నాలుగు కనిపిస్తున్నాయి అంతే, లోపల ఎక్కడో ఇంజన్ పడవ టకటకమంటోంది గానీ అది వస్తోందో పోతోందో తెలీట్లేదు. ఎదుర్లంక వైపు బాలయోగి వారధి కూడా మాయం. 1846 నాటి చర్చి దగ్గరకి వెళ్ళేసరికి గంట కొట్టారు, లోపలికెళ్ళే ఆడవాళ్ళంతా శాలువాలు తలమీద నుంచి కప్పుకుని, ఒకావిడ మమ్మల్ని చూసి "ప్రార్థనకా బాబూ" అంది, కాదండీ ఊరికే అన్నాం, అయితే చెప్పులు విప్పి వెనకాల కూర్చోండి అంది. కూర్చున్నాం పది నిమిషాలు. ఆ రోజు మొత్తంలో మావాడి కాళ్ళకి దొరికిన సుఖం అదే.

బయట ఒకామె బుట్టలో ఉడికించిన తేగలు పెట్టుకుని అమ్ముతోంది. చలికాలం గోదారి జిల్లాలో తేగ తినకపోతే వచ్చినట్టే కాదు. మావాడికి ఒలవడం రాదు, చెరుకు గడలా కొరికేస్తున్నాడు! లాక్కుని తొక్క తీసి, నిలువునా రెండుగా చీల్చి, మధ్యలో సన్నగా ఉండే చందమామ తీసి చేతిలో పెట్టా. చిన్నప్పుడు దానికోసం మేం కొట్టుకునేవాళ్ళం.

అక్కణ్ణుంచి ఆత్రేయ గోదారి పక్కగా, అంటే కోరంగి ఏరే, నీలపల్లి మీదుగా ఇంజరం. హైవే మీద లారీలతో ప్రాణం పోతుందని వీలైనచోటల్లా గట్టెక్కాం. ఇంజరంలో 1708లో ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది, ఫ్యాక్టరీ అంటే మిల్లనుకునేరు, ఊళ్ళలో నేసిన బట్ట కొని మూటలు కట్టే గిడ్డంగి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి పట్టుకుపోయాడు కూడా. అంటే ఆ చివర ఫ్రెంచోళ్ళు, ఈ చివర ఇంగ్లీషోళ్ళు, మధ్యలో పొద్దున్న నడక దూరం. మావాడు అరగంటకోసారి "ఏదిరా, ఎక్కడ" అంటాడు. టీకొట్టాయన్ని అడిగితే "ఫ్యాక్టరీ అంటే ఐస్ ఫ్యాక్టరీనా అండీ" అన్నాడు. మేం కనుక్కున్నది అంతే.

తాళ్ళరేవు దగ్గర మాత్రం కాళ్ళు కదల్లేదు. ఏటి ఒడ్డున చెక్క బోటు ఒకటి కడుతున్నారు, ఇంటెత్తు ఉంది, తుమ్మ చెక్కతో లోపలి పక్కటెముకలు, పైన పలకలు. ఒక ముసలాయన పలకల సందుల్లో దూది దూరుస్తున్నాడు. దూదిని తొడమీద పేనడం, సందు మీద ఆనించడం, మొద్దు ఉలి పెట్టి సుత్తితో టక్ టక్, అర అంగుళం జరగడం, మళ్ళీ. మావాడు నేనూ కొడతానన్నాడు. వీడు కొట్టిన దూది అటునుంచి ఊడి పడింది. "ఆయ్, అలా కాదండి, దూది వినాలండి" అని నవ్వి మళ్ళీ చేసి చూపించాడు. వాళ్ళ తాత రంగం, అదే రంగూన్, వెళ్ళొచ్చాడంట ఓడపని మీద. బర్మావాళ్ళు తెలుగోళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవారు, అన్నేసి ఓడలు కోరంగి రేవు నుంచే పోయేవి మరి.

ఆ కోరంగి చేరేసరికి మధ్యాహ్నం రెండైంది. 1789 డిసెంబర్‌లో మూడు ఉప్పెన కెరటాలు వరసగా మీదపడ్డాయి, తేరుకున్నారు, మళ్ళీ 1839 నవంబర్ 25న ఇంకోటి, ఆ దెబ్బకి యానాం కూడా మునిగింది. తుపానుకి ఇంగ్లీషులో సైక్లోన్ అని పేరు పెట్టిన కలకత్తా పిడింగ్టన్ ఈ కోరంగి ఉప్పెన గురించి రాశాడు. మిగిలిన పని ఇసుక మేట చేసింది, ఏరు పూడిపోతే ఓడ ఎక్కడికొస్తది? ఇప్పుడు ఒడ్డున బురద, మడ చెట్లు, రెండు నాటుపడవలు, ఒక కొంగ. పెద్ద పెద్ద ఓడలు రిపేరుకొచ్చిన చోటు అంటే మావాడు నమ్మలేదు, నేను కూడా వాడి పక్కన నిలబడి చూస్తుంటే నమ్మకం తగ్గింది. పావుగంట అలాగే చూస్తూ కూర్చున్నాం. పోటు వచ్చి బురదలో పడవ ఒకటి మెల్లగా లేచింది.

కాకినాడ బస్సు వచ్చేసరికి వాడు రెండు మడమలూ బొబ్బలెక్కి, షూస్ లేసులు ముడేసి మెళ్ళో వేసుకుని, వట్టి కాళ్ళతో ఎక్కాడు. కండక్టర్ వాడి కాళ్ళు చూసి టికెట్ చింపుతూ "ఏ గుడికండీ మొక్కు?" అన్నాడు.