జిందాల్ మీద నా కోపం

"అమ్మా, నీకు కోపం ఆయన పేరు మార్చుకున్నందుకా, కాలేజీల నిధులకు కోత పెట్టినందుకా?" అని అడిగింది మా అమ్మాయి. అమెరికాలోని లూసియానా రాష్ట్ర మాజీ గవర్నరు బాబీ జిందాల్ గురించి స్కూలుకు రిపోర్టు రాస్తోంది.

అడిగిందే తడవుగా నేను మొదలెట్టేశాను. అసలు పేరు పీయూష్, నాలుగేళ్లప్పుడు టీవీ సీరియల్లో పిల్లాడి పేరు నచ్చి బాబీ అయ్యాడు, తర్వాత క్యాథలిక్ మతం పుచ్చుకున్నాడు, 2015లో అధ్యక్ష పదవికి పోటీకి దిగి ఇండియన్ అమెరికన్ అనే తోకలొద్దు అన్నాడు... ఆ ఏడాది ఆయన మీద వచ్చిన జోకులన్నీ ఊరంతా ఫార్వర్డ్ చేశాను. కాఫీ షాపులో పేరడిగితే మాత్రం లక్ష్మీప్రసన్న కాస్తా 'లక్కీ' అయిపోతుంది.

దాని రిపోర్టులో ఇవేవీ లేవు. 2008లో 36 ఏళ్లకే గవర్నరు, ఈ దేశంలో భారత సంతతి నుంచి మొట్టమొదటివాడు. ఆ ఏడాదే గుస్తావ్ తుఫానుకు ముందు లక్షల మందిని ఖాళీ చేయించి మెప్పు పొందాడు. ఆదాయపు పన్ను తగ్గించాడు. ఖజానాకు చిల్లు పడి, ఉన్నత విద్యకు ఏటేటా కోతలు పడ్డాయి. 2015కి లూసియానా స్టేట్ యూనివర్సిటీ దివాలా కాగితాలు సిద్ధం చేసుకునేదాకా వచ్చింది. పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ విస్తరణ వద్దన్నాడు. 2016 జనవరిలో తర్వాతి గవర్నరు గద్దెనెక్కిన మర్నాడే దానికి సంతకం పెట్టాడు.

"ఆయన కడుపులో ఉండగా వాళ్లమ్మ ఇండియా నుంచి చదువుకోవడానికి వచ్చింది ఆ యూనివర్సిటీకే, తెలుసా?" అంది. నాకు తెలీదు. సీరియల్ సంగతి మాత్రం తెలుసు.

నిజం చెప్పాలంటే నా కోపం పేరు మీదే. పన్నులు తగ్గిస్తే నాకెందుకు కోపం? పన్ను లెక్కలు దాఖలు చేసే ఏప్రిల్లో మా ఇంట్లో అందరం ఆయన పార్టీయే!

కొత్తగా తల్లులైనవాళ్లకు ఇంట్లో తెలుగే మాట్లాడండి, పేరు కుదించకండి అని సలహాలు పారేస్తుంటాను. అవన్నీ పాటించిన ఇంట్లోంచి ఎలాంటి గవర్నరు వస్తాడో నాకేం తెలుసు? పీయూష్‌గానే మిగిలి, పండగలకు గుడికొస్తూ, ఇవే కోతలు పెట్టి ఉంటే మన సభలకు పిలిచి శాలువా కప్పేవాళ్లం. ఫొటో కోసం ముందు వరసలో నేనే ఉండేదాన్నేమో.