ఏ లేజరు, ఏ ఆపరేషను

సోమవారం, రాత్రి

ఓపీ తేలేసరికి మూడు దాటింది. నీటికాసులు (గ్లాకోమా, కంటిలోని ఒత్తిడి చూపు నరాన్ని తినేసే జబ్బు) బాగా ముదిరిన కళ్లు ఇవాళ నాలుగు. అందరి నోటా ఒకటే మాట: "లేజరు కొట్టించేస్తే పోద్ది కదా బాబూ, కొయ్యడమెందుకు?"

తప్పు వాళ్లది కాదు. మన వైపు శుక్లం ఆపరేషన్‌నీ లేజరనే అంటారు. లేజరంటే ఒక్క పూటలో అయిపోయేది, నొప్పి లేనిది అని స్థిరపడిపోయింది. నీటికాసుల్లో మాత్రం ఆ పేరు కింద మూడు వేర్వేరు పనులున్నాయి. ఏ లేజరో చెప్పకుండా ఆపరేషన్‌తో పోల్చితే రోగికి ఏమీ చెప్పనట్టే.

మొదటిది యాగ్ లేజరుతో కంటి రంగు పొర ఐరిస్‌కి చిన్న రంధ్రం పెట్టడం. కంట్లో నీరు బయటికి పోయే కోణం ఇరుకైన కళ్లకి అది చాలాసార్లు అవసరం. కానీ కోణం అప్పటికే అతుక్కుపోయి ఉంటే ఒత్తిడి దిగదు. రెండోది ఎస్ఎల్‌టీ. నీరు బయటికి పోయే జల్లెడ మీద 400 మైక్రాన్ల లేజరు చుక్కలు, చుట్టూ సుమారు 100. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒత్తిడి తగ్గేది మహా అయితే 20 నుంచి 30 శాతం. తొలిదశలో ఇది మంచి వైద్యమే. కానీ మూడు రకాల చుక్కల మందు వేసుకుంటున్నా ఒత్తిడి 28 (పాదరసం మిల్లీమీటర్లలో) ఉన్న కంటిని ఇది 21 దగ్గర వదిలేస్తే, మిగిలిన నరం నిలవదు.

ముదిరిన కంటికి కావలసింది 12 దరిదాపు. అమెరికాలో జరిగిన ఏజిస్ అధ్యయనం 2000లో చెప్పిందీ ఇదే: పరీక్షకి వచ్చిన ప్రతిసారీ ఒత్తిడి 18 లోపే ఉన్న కళ్లలో సగటు 12.3, ఆ కళ్లలో చూపు మేర సగటున తగ్గలేదు. బ్రిటన్‌లో 453 మందితో చేసిన ట్యాగ్స్ అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ముదిరాక బయటపడినవాళ్లకి మొదటే ట్రాబెక్యులెక్టమీ, అంటే నీటికి కొత్త దారి కోసే ఆపరేషన్, చేస్తే రెండేళ్లకి ఒత్తిడి సగటున 12.4, మందులతో మొదలుపెడితే 15.1.

ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే ఆయనకి అందుకే ఆపరేషనే రాశాం. కుడి కన్ను పోయింది. ఎడమ కంటిలో మధ్యన పది డిగ్రీల చూపు మిగిలింది. చూపు నరం మొదట్లో ఉండే గుంట, మేం కప్పు అనేది, 0.9; అంటే నరం చాలావరకు అరిగిపోయింది. ఇలాంటి కంట్లో ఒక్క భయం ఉంది: ఆపరేషన్ తర్వాత ఆ మిగిలిన చూపు ఉన్నట్టుండి పోవచ్చు. అరుదే, అయినా ముందే చెప్పి తీరాలి. దాన్ని తప్పించడానికే కంటి వెనక ఎక్కువ మత్తు మందు నింపం. కంటిని తెరిచే ముందు పక్కనుంచి సన్నని దారి పెట్టి ఒత్తిడి మెల్లగా దించుతాం.

పని చూడటానికి చిన్నది. పై రెప్ప చాటున తెల్లగుడ్డులో సగం మందాన నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు మూత లేపుతాం. అంతకుముందే గాయం మచ్చకట్టకుండా ఆపే మందు మైటోమైసిన్, మిల్లీలీటరుకి 0.2 మిల్లీగ్రాములది, రెండు నిమిషాలు ఉంచి బాగా కడిగేస్తాం. మూత కింద కిటికీ కోసి, ఐరిస్ వచ్చి దాన్ని మూసెయ్యకుండా చిన్న ముక్క తీసేస్తాం. 10-0 నైలాన్ కుట్లు కాస్త బిగువుగానే వేస్తాం. వదులుగా వేస్తే మర్నాటికే ఒత్తిడి 5 కిందికి పడి, లోపలి పొర వెనక నీరు చేరుతుంది.

అసలు ఆపరేషన్ ఆ తర్వాతి ఆరు వారాలే. ఒళ్లు గాయాన్ని మాన్పాలని చూస్తుంది, మేం దాన్ని మానకుండా చూడాలి. అందుకే మొదట్లో రెండు గంటలకోసారి స్టెరాయిడ్ చుక్కలు, మెల్లగా తగ్గిస్తూ రెండు నెలలు. రెండో వారంలో ఒత్తిడి పెరిగితే ఒక్కో కుట్టునే లేజరుతో తెంపుతాం. ఇక్కడా లేజరే, చూడండి! తెంపే సమయం దాటిపోతే మూత అతుక్కుపోతుంది. బయటికొచ్చిన నీరు పై పొర కింద చేరి లేచే పొక్కు ఎర్రబడి, మెలికలు తిరిగిన రక్తనాళాలు కనబడితే సూదితో విడదీయాల్సిందే.

పాడేరు పైనున్న ఊరి నుంచి వచ్చిన ముసలమ్మకి అందుకే మరో దారి. తోడు లేరు, ఘాట్ దిగి వారం వారం రావడం ఆమె వల్ల కాదు. ఆమెకి మూడో లేజరు: కంట్లో నీరు తయారుచేసే భాగం (సీలియరీ బాడీ) మీద 810 నానోమీటర్ల మైక్రోపల్స్. 0.5 మిల్లీసెకను వెలుగు, 1.1 మిల్లీసెకను విరామం. కంటిని గడియారం అనుకుంటే మూడు, తొమ్మిది అంకెల స్థానాలు వదిలేస్తాం, అక్కడ పెద్ద నరాలుంటాయి. ఆపరేషనంత గట్టిగా దించదు, మళ్లీ చెయ్యాల్సి రావచ్చు. అయినా చూసేవాళ్లు లేని పొక్కు కంటే ఇదే నయం, నా లెక్కలో.

హార్బర్ ఆయనకి సముద్రం గురించి గట్టిగా చెప్పాం. ఆ పొక్కు మీది పొర పల్చన, ఉప్పునీటితో మొహం కడగకూడదు, మునగకూడదు. ఎరుపు, నొప్పి, పుసి — ఏళ్ల తర్వాత కనబడినా సరే, ఆ రాత్రే రావాలి. చుక్కలు వేసేది కూతురు. సీసా మూతి రెప్పకి తగలకుండా వేసి, ముక్కు పక్క మూలని రెండు నిమిషాలు నొక్కి చూపించింది. సరిగ్గానే చేసింది.

రావలసిన తేదీలు కార్డు మీద సిస్టర్ పెద్ద పెద్ద అక్షరాల్లో రాసింది. ఆయన చదవలేకపోయారు. గొట్టంలోంచి చూసే కంటికి పెద్ద అక్షరం ముక్కలుగానే కనబడుతుంది. మామూలు సైజులో, నల్ల ఇంకుతో మళ్లీ రాయించాం. గడగడా చదివేశారు.