కాలేయం చెడినవారికి పత్యం పేరుతో పస్తు

విశాఖపట్నంలో ఎవరికైనా కళ్లు పచ్చబడ్డాయంటే, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో చూపించక ముందే ఇంట్లో పత్యం మొదలవుతుంది. పప్పు, గుడ్డు, చేప, నూనె మాన్పించి, మెత్తటి అన్నం, మజ్జిగలతో వారాల తరబడి నెట్టుకొస్తారు. పసరు మందు పోసేవారూ ఇదే చెబుతారు. హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయి కనుక ఆ పేరు పత్యానికి దక్కుతూ వచ్చింది. అదే నియమాన్ని సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ముదిరి కాలేయం విఫలమవుతున్న మనిషికి పెడితే హాని జరుగుతుంది. జీవరసాయన శాస్త్రం బోధించే నన్ను అడిగేవారికి నేను చెప్పే కారణాలను ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆరోగ్యంగా ఉన్న కాలేయం గ్లూకోజు నిల్వ రూపమైన గ్లైకోజెన్‌ను సుమారు 100 గ్రాములు దాచి ఉంచుకొని, రాత్రి భోజనం తరువాత తెల్లవారే దాకా రక్తంలో గ్లూకోజు పడిపోకుండా కాపాడుతుంది. సిర్రోసిస్‌లో ఆ నిల్వ తగ్గిపోతుంది. రోగి ఒక్క రాత్రి ఏమీ తినకపోతే, ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నప్పుడు ఉండే స్థితికి అతని శరీరం చేరుకుంటుందని 1983లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. గ్లైకోజెన్ అయిపోయాక శరీరం కొవ్వును కాలుస్తుంది, గ్లూకోజు కోసం కండరాల్లోని మాంసకృత్తులను విరగ్గొడుతుంది. సిర్రోసిస్ రోగుల భుజాలు, తొడలు చిక్కిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పొట్టలో నీరు చేరడం వల్ల బరువు తగ్గనట్టే కనిపించి, ఇంట్లోవాళ్లు ఆ చిక్కిపోవడాన్ని గమనించరు.

కండరం పోతే నీరసమొక్కటే కాదు, మెదడుకూ ముప్పు వస్తుంది. మాంసకృత్తులు విరిగినప్పుడూ, పేగుల్లోని బ్యాక్టీరియా వల్లా పుట్టే అమ్మోనియాను కాలేయం యూరియాగా మారుస్తుంది. హాన్స్ క్రెబ్స్, కర్ట్ హెన్సెలైట్ 1932లో కనుగొన్న ఈ యూరియా చక్రంలో మొదటి మెట్లు కణానికి శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియాలోనే జరుగుతాయి, పైగా వాటికి ఏటీపీ రూపంలో శక్తి కావాలి. కాలేయ కణం శక్తి కోల్పోతే అమ్మోనియా రక్తంలో పేరుకుంటుంది. అది మెదడులో నాడీకణాలకు తోడుండే ఆస్ట్రోసైట్లనే కణాల్లో గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లంగా మారి, ఆ కణాలు ఉబ్బుతాయి. పగలు నిద్ర, రాత్రి మెలకువ, మాట తడబాటు, చేతుల వణుకు మొదలవుతాయి. ఇలాంటప్పుడు అమ్మోనియాను గ్లుటమిన్‌గా కట్టివేయగలిగే మరో పెద్ద అవయవం కండరమే. పత్యం పేరుతో మనం కరిగిస్తున్నది దాన్నే.

ఈ విషయంలో వైద్యులు కూడా చాలాకాలం పత్యం పక్షానే ఉన్నారు. 1893లో రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ బృందం పేగుల రక్తాన్ని కాలేయం గుండా పోనివ్వకుండా మళ్లించిన కుక్కలకు మాంసం పెట్టినప్పుడు అవి మత్తులోకి జారుకోవడం గమనించింది. అక్కడి నుంచి వచ్చిన జాగ్రత్త ఇరవయ్యో శతాబ్దమంతా రోగులకు మాంసకృత్తులు తగ్గించే ఆచారంగా స్థిరపడింది. 2004లో స్పెయిన్ వైద్యులు ప్రచురించిన పరీక్షలో, మామూలు మోతాదు మాంసకృత్తులు తిన్నవారికీ, తగ్గించినవారికీ మెదడు లక్షణాలు తేరుకోవడంలో తేడా కనిపించలేదు. తగ్గించినవారిలో శరీర మాంసకృత్తులు విరగడం మాత్రం ఎక్కువైంది. ఇప్పటి సిఫారసు శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు.

కణం లోపల జరిగేది ఇంకా ఆసక్తికరం. అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిశోధకులు సిర్రోసిస్ కలిగించిన ఎలుకల కాలేయ కణాలను పరీక్షించి 2014లో ప్రచురించినదాని ప్రకారం, జబ్బు తొలి దశలో కణాలు మైటోకాండ్రియాపై ఆధారపడటం తగ్గించి, గ్లూకోజును ఆక్సిజన్ లేకుండా విడగొట్టే గ్లైకాలసిస్‌తో నెట్టుకొస్తాయి. చివరి దశలో ఆ సామర్థ్యమూ కోల్పోతాయి. అలా చూస్తే కాలేయ వైఫల్యమంటే కణాలు చనిపోవడం ఒక్కటే కాదు, బతికున్న కణాలు పని మానేయడం కూడా. అదే బృందం మరుసటి ఏడాది హెచ్‌ఎన్‌ఎఫ్4 ఆల్ఫా అనే నియంత్రక ప్రోటీన్‌ను జన్యువు ద్వారా తిరిగి అందించి, ఎలుకల్లో కాలేయం పనితీరును మెరుగుపరిచింది. నాకు ఇది గొప్ప ఆశే గాని, రోగి మంచం దగ్గరికి వచ్చిన చికిత్స కాదు. పారాసిటమాల్ మోతాదు మించి కాలేయం హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడు మాత్రం, కణాన్ని విషం నుంచి కాపాడే గ్లుటథయోన్ తరిగిపోతే దాన్ని తిరిగి నింపే ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మందు ఇప్పటికే ప్రాణాలు నిలుపుతోంది. ఎనిమిది గంటల్లోపు ఇస్తే ఫలితం చాలా బాగుంటుంది.

దీర్ఘకాలిక రోగికి ఇంట్లో చేయగలిగింది చిన్నది: రాత్రి పడుకోబోయే ముందు మరోసారి తినిపించడం. న్యూజీలాండ్‌లో 2008లో ప్రచురితమైన ఒక పరీక్షలో ఒకే పోషక పానీయాన్ని కొందరికి పగలు, కొందరికి రాత్రి ఇవ్వగా, ఏడాది పాటు రాత్రి తాగినవారిలోనే శరీర మాంసకృత్తులు పెరిగాయి. మన దగ్గర దానికి ఖరీదైన డబ్బాలు అక్కర్లేదు. పాలు పోసిన చోడి (రాగి) జావ, మధుమేహం కూడా ఉంటే డాక్టర్ చెప్పిన కొలతలో, సరిపోతుంది. పగటి భోజనంలో పప్పు, గుడ్డు, బాగా ఉడికిన తాజా చేప ఉండవచ్చు. పొట్టలో నీరు చేరినవారు ఉప్పు తగ్గించాలన్న మాట నిజమే కాబట్టి, మనవాళ్లకు ఎంత ఇష్టమైనా ఎండుచేపలను పక్కన పెట్టాలి. పేగుల్లో అమ్మోనియాను ఆపే లాక్ట్యులోజ్ అనే మందును మాత్రం విరేచనాలవుతున్నాయని సొంతంగా మానేయకూడదు. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం కావడమే ఆ మందు లక్ష్యం, అంతకు మించితే మోతాదు తగ్గించమని డాక్టర్‌ను అడగాలి.